మావయ్య పెట్టిన ముప్పై తొమ్మిది టంకాలు

మావయ్య పోయారన్న కబురు వచ్చేసరికి నేను ల్యాబ్‌లో ఎవరి చేతికో రబ్బరు పట్టీ కట్టి, నరం కోసం వేలితో తడుముతున్నాను. బల్ల మీద ఫోను మోగింది. చూస్తే అత్త. పనివేళ అత్త నాకు ఫోన్ చెయ్యదు. అయినా రక్తం తీసి, గొట్టం మీద పేరు రాసి, దూది పెట్టి, "చెయ్యి మడిచి పట్టుకోండి" అని చెప్పి, అప్పుడు ఫోన్ ఎత్తాను.

"మీ మావ టీ తాగుతా తాగుతా ఒరిగిపోనాడే," అంది. "బేగి వచ్చీ."

బొబ్బిలిలో బస్సెక్కాను. రామభద్రపురం దాకా నిలబడే ఉన్నాను. అక్కడ సీటు దొరికితే కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఏడవడానికి కూడా ఒంట్లో ఓపికుండాలి కదా, ఆ ఓపిక పొద్దున్నే వంటింట్లోనూ, బస్సులోనూ, ల్యాబ్‌లోనూ అయిపోతుంది నాకు. సాలూరు చేరేసరికి ఇంటి ముందు కుర్చీలు వేసేశారు. మా ఆయన రాయపూర్ లైనులో లారీ మీద ఉన్నారు. మర్నాడు పొద్దుటికి గాని రాలేకపోయారు. అందాకా మావయ్య పక్కన అత్తా నేనే కూచున్నాం. వచ్చినవాళ్ళందరూ ఆయన మొహం చూస్తున్నారు. నేను మాత్రం ఆయన కుడి చెయ్యి చూస్తూ కూచున్నాను. మూడేళ్ళుగా ఒక్క నిమిషం కుదురుగా లేని చెయ్యి అది. ఇప్పుడు కదలకుండా ఉంది.

ఆ చేతి గురించే ఇది రాస్తున్నాను. ఆ చెయ్యి చేసిన పని గురించి, ఆ చేతికి నేను చేసిన అన్యాయం గురించి.

మావయ్య అంటే మా ఆయన నాన్న. నలభై ఏళ్ళు లారీలకి కరెంటు పని చేశారు. సాలూరంటే లారీలే కదా, బైపాస్ పక్కన రేకుల షెడ్డులో పొద్దున్న ఏడింటికి ఆయన కూచుంటే భోజనానికి కూడా లేవనివ్వనన్ని బళ్ళు ఉండేవి ఒకప్పుడు. హెడ్‌లైటు వెలగడం లేదనో, హారన్ పలకడం లేదనో డ్రైవరు వస్తాడు. మావయ్య లైటు వంక చూడరు. హారన్ వంకా చూడరు. లుంగీ ఎగ్గట్టి బండి కిందకి దూరిపోతారు.

"ముందల ఎర్త్ సూడాలమ్మా," అనేవారు నాతో. పెళ్ళైన కొత్తలో షెడ్డుకి క్యారేజీ పట్టుకెళ్తే ఆ మాటే, మొన్నమొన్నటిదాకా ఆ మాటే. మీలో లారీల సంగతి తెలియనివాళ్ళకి చెప్తాను. లారీలో దీపానికి ఒక్క తీగే వెళ్తుంది. రెండో తీగ ఉండదు. బండి ఇనుమే రెండో తీగ. కరెంటు ఆ ఇనుములోంచే తిరిగి బ్యాటరీకి చేరుతుంది, దాన్నే వాళ్ళు ఎర్త్ అంటారు. తుప్పు పట్టినా, పైన రంగు పడినా అది అందదు. మావయ్య చాకుతో రంగు గీకి, తెల్లటి ఇనుము కనపడేదాకా గీకి, అక్కడ తీగ బిగించేవారు. పదిలో ఎనిమిది బళ్ళు ఆ గీకుడుతోనే బాగుపడిపోయేవి. ఇంకో మాట కూడా అనేవారు. "బండి ఆగున్నప్పుడు ఎవుడు సేసిన పనైనా ఎలుగుతాది. ఊగినప్పుడు ఎలగాల." ఘాటీ రోడ్డు ఎక్కి దిగి వచ్చాక కూడా వెలిగితేనే ఆయన లెక్కలో అది పని.

తర్వాత కొత్త బళ్ళొచ్చాయి. వాటిలో తీగలకంటే కంప్యూటర్లు ఎక్కువ. కంపెనీ వర్క్‌షాపులో తప్ప బయట ముట్టుకోనివ్వరు. ఆ తర్వాత ఆయన చెయ్యి వణకడం మొదలైంది. టీ గ్లాసు సగం పోసి ఇస్తే గాని తాగలేకపోయేవారు. డాక్టరు మాత్రలిచ్చాడు, వయసన్నాడు. ఒకరోజు పాత బండి ఒకటి షెడ్డుకొచ్చింది. మావయ్య స్క్రూ తిప్పబోతే డ్రైవరు పక్కనే నిలబడి చూస్తున్నాడు. స్క్రూ డ్రైవరు రెండుసార్లు జారింది. మూడోసారి ఆ మనిషి నవ్వుతూనే, "తాతా, ఇంక ఇంటికాడ కూకోరాదేటి?" అన్నాడట. ఆ మాట మావయ్య ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పక్క షెడ్డు టైర్ల దుకాణం ఆయన చెప్తే మాకు తెలిసింది. ఆయనకి మావయ్య షెడ్డు మీద ఎప్పట్నుంచో కన్ను. ఇస్తే కలిపేసుకుంటానని అడుగుతూనే ఉండేవాడు.

ఇక నా సంగతి. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు ప్లాస్టిక్ బొమ్మ ఓడలు అతికించడం ఇష్టం. నీళ్ళ మీద నడిచేవి కాదు, ఆకాశంలో తిరిగేవి, అంతరిక్ష నౌకలు. పెట్టెలో ముక్కలు ముక్కలుగా వస్తాయి, మనమే కోసి, గీసి, అతికించి, రంగు వెయ్యాలి. వారమంతా ఊళ్ళో వాళ్ళ రక్తంతో పని. అందరికీ తొందరే, రిపోర్టు ఇంకా రాలేదా అని ప్రతివాళ్ళూ నా నెత్తిన కూచునేవాళ్ళే. ఆదివారం మధ్యాహ్నం ఒక రెండు గంటలు, ఎవరికీ అక్కర్లేని పని, ఎవరూ తొందరపెట్టని పని చేసుకోవాలనిపించేది. అంతే. అంతకంటే పెద్ద కారణం లేదు.

ఇప్పుడు చెప్పబోయే ఓడ పెట్టె వచ్చిన రోజు అత్త మిక్సీ అనుకుని సంబరపడింది. విప్పి చూసి, "ఒలమ్మ, మళ్ళీ బొమ్మలేటే!" అని నిట్టూర్చి వెళ్ళిపోయింది. మూరన్నర పొడవు ఓడ. రెండొందల పైచిలుకు బూడిద రంగు ముక్కలు. ఈసారి నాకు ఆశ పెరిగింది. ఉత్త ఓడ చాలదు, దీపాలు వెలగాలి అనుకున్నాను. పెట్టెలో వచ్చినవి కాక, విడిగా అమ్మే సామాను కూడా తెప్పించాను. కాగితమంత పల్చటి ఇత్తడి జాలీలు, ఇంజన్ల చివర పెట్టే గుండ్రటి గొట్టాలు, నువ్వు గింజంత రంగురంగుల దీపాలు నలభై రెండు. ఒక్కో దీపానికి వెంట్రుక లాంటి తీగలు రెండేసి. ఓడ పక్కల గుంటలుగా ఉన్న కిటికీలన్నిటికీ సన్న డ్రిల్లుతో బెజ్జాలు వెయ్యడానికే నాలుగు ఆదివారాలు పట్టింది. పైన రంగు వెయ్యడానికి ఇంకో మూడు. మెడ పట్టేసింది. కళ్ళు లాగేసేవి. అయినా మానలేదు.

మావయ్య అప్పటికి షెడ్డుకి వెళ్ళడం తగ్గించేశారు. హాల్లో కుర్చీలో కూచుని నన్నే చూసేవారు. ఒకరోజు దీపాలున్న సంచీ చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని చూశారు.

"ఇయ్యి ఏటమ్మా?"

"దీపాలు మావయ్యా. లోపల పెట్టాలి."

"వైరింగెవలు సేస్తారు?"

"నేనే. వీడియోలు చూసి..."

"ఇంట్లో ఎలట్రీషన్ని ఎట్టుకుని వీడియో సూస్తావేటి?" అన్నారు. కోపంగా కాదు. ఎవరినైనా అలా అధికారంగా అడిగి ఆయనకి చాలారోజులై ఉంటుంది. నేను వెంటనే ఓడని ఆయన ముందుకి జరిపాను.

మొదటి గొడవ వెనక దీపాల దగ్గరొచ్చింది. పెట్టె మీద బొమ్మలో ఇంజన్లు నీలంగా వెలుగుతున్నాయి.

"ఎనకాల నీలం ఏటి?" అన్నారు. "ఎర్రవి గదా ఉండాల. ఎనకొచ్చేవోడికి ఎలా తెలుస్తాది?"

"ఆకాశంలో వెనకొచ్చేవాళ్ళెవరూ ఉండరు మావయ్యా."

"ఏం, ఇదొక్కటే ఉన్నాదేటి అక్కడ?"

చివరికి ఇంజన్లు నీలంగానే ఉంచి, తోక చివర రెండు ఎర్ర దీపాలు పెట్టడానికి ఒప్పందం కుదిరింది. స్విచ్చి కూడా ఆయన ఇష్టమే. నేను తెప్పించిన చిన్న స్విచ్చిని పక్కన పడేసి, షెడ్డులోంచి లారీ స్విచ్చి తెచ్చి కింది చెక్కకి బిగించారు. బొటనవేలంత ఉంటుంది. నొక్కితే పక్క గదిలోకి వినపడుతుంది. ఓడ అందమంతా పోయిందని నేను గొణిగాను. ఆయన మరలు ఇంకాస్త బిగించారు.

రెండు ఆదివారాలు ఆయన కూచుని పద్నాలుగు దీపాలు బిగించారు. నేను ఎదురుగా ఇత్తడి జాలీలు అతికించుకుంటూ పట్టించుకోలేదు. నలభై ఏళ్ళ పనివాడు, నేను చెప్పేదేముంది? ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఒక్కో తీగ దూర్చేవారు. దీపం దీపానికీ మధ్య చెమట తుడుచుకునేవారు. పద్నాలుగూ అయ్యాక బ్యాటరీ తగిలించి స్విచ్చి నొక్కారు. టక్కుమంది. ఏదీ వెలగలేదు.

బ్యాటరీ కొసలు నాలిక మీద పెట్టుకుని చూశారు. "పవరున్నాది." టెస్ట్ ల్యాంపు తెచ్చారు. రెండు తీగలకి తగిలించిన బల్బు, అంతే, షెడ్డులో ఆయన ప్రాణం అది. దాంతో ఇక్కడా అక్కడా తాకించి చూశారు. "ఎర్త్ సరిగా నేదు," అన్నారు. జేబులోంచి చాకు తీశారు. నేను తలెత్తేలోపు ఓడ అడుగున పరపరా గీకడం మొదలెట్టారు. మూడు ఆదివారాలు నేను పూత మీద పూతగా వేసిన రంగు అది. ఆయన తెల్లటి ఇనుము కోసం గీకుతున్నారు. రంగు పోయింది, దాని కింద బూడిద రంగు ప్లాస్టిక్ వచ్చింది, ఇంకా గీకారు, ఇంకా ప్లాస్టిక్కే వచ్చింది. అప్పుడు ఆగారు.

అన్ని దీపాలకీ ఒక్కో తీగే వేశారు మావయ్య. రెండో తీగని ఓడ ఒంటికే ఆనించి జిగురు పెట్టేశారు, లారీకి చేసినట్టే.

"ఇది ప్లాస్టిక్ కదా మావయ్యా," అన్నాను. వీలైనంత మెల్లగానే అన్నాను. కానీ ఎంత మెల్లగా అన్నా ఆ మాట ఆ మాటే.

చాకు మడిచి జేబులో పెట్టుకున్నారు. "బండి అనుకున్నానమ్మా," అన్నారు. లేచి వెళ్ళిపోయారు. ఆ వారం ఓడ వైపు రాలేదు. అన్నం దగ్గర కూడా తల వంచుకునే తిన్నారు. నాకు రంగు పోయిన బాధ ఒకపక్క, ఆయన మొహం ఒకపక్క. దీపాలు విప్పేద్దామనుకున్నాను. అదీ చెయ్యలేకపోయాను.

తర్వాతి ఆదివారం ఆయనే వచ్చారు. చేతిలో పూజ సామాన్ల కొట్టు కాగితం పొట్లం. విప్పితే యంత్రాలు రాయడానికి అమ్మే పల్చటి రాగి రేకులు.

"ఎర్త్ నేదు గదా," అన్నారు. "మనమే ఎడదాం."

ఆ రేకుల్ని కత్తిరించి ఓడ లోపల గోడలన్నిటికీ అతికించేశారు. ఇక రెండో తీగని రాగికి టంకం వేస్తే చాలు, ఒళ్ళంతా ఎర్తే. నిజం చెప్పాలంటే నాకో బెంగ ఉండేది. పల్చటి ప్లాస్టిక్ లోంచి వెలుతురు బయటికొచ్చేసి ఓడంతా చలిమిడి దీపంలా మెరిసిపోతుందని, కిటికీలు కిటికీల్లా కనపడవని. రాగి రేకుతో ఆ బెంగా తీరిపోయింది. వెలుతురు బెజ్జాల్లోంచి తప్ప ఎక్కణ్ణించీ రాలేదు. నేను చూసిన వీడియోల్లో ఒక్కళ్ళకీ ఈ ఉపాయం తట్టలేదు. ఆ మాటే చెప్పాను. ఆయన మొహంలో అప్పుడు కాస్త వెలుగొచ్చింది.

ఆ రోజే నాతో ఒక మాటన్నారు. రేకు మీద మొదటి టంకం పెట్టి, అది చల్లారేదాకా చూసి, తలెత్తకుండా అన్నారు.

"నలబై రెండు దీపాలు. దీపానికో టంకం. ఈ నలబై రెండూ నా సేత్తో ఎలిగితే షెడ్డు ఉంచుతాను. నేకపోతే టైర్లోడికి ఇచ్చెస్తాను."

"ఊరుకోండి మావయ్యా, దీనికీ దానికీ ఏం సంబంధం?"

"నీకు నేదు. నాకున్నాది."

అత్త వంటింట్లోంచి, "దానికి బొమ్మల పిచ్చి, ఈయనకి పందాల పిచ్చి," అంది. ఆయన నవ్వలేదు. ఎవరితోనూ కాదు, తనతో తనే పెట్టుకున్న పందెమది. ఆ డ్రైవరు అన్న మాటకి జవాబు వెతుక్కుంటున్నారని నాకు తెలుసు. తెలిసి కూడా నేనా పని చేశాను.

ఏం చేశానంటే, ఓడ ఎడమ పక్క ముక్కు దగ్గర మూడు కిటికీలున్నాయి. చోటు ఇరుకు. అవి వేసిన ఆదివారం ఆయన చెయ్యి మరీ వణికింది. టంకం కరిగించే వేడి కడ్డీ జారి కిటికీ అంచు కాలింది, ప్లాస్టిక్ కంపు కొట్టింది. టంకాలు మూడూ రేగుపళ్ళంత ముద్దలుగా పడ్డాయి. పని అయిందనుకుని ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ మూడింటి వంక చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. బుధవారం పొద్దున్న, బస్సుకి ఇంకా అరగంట టైముంది, ఓడ ముందేసుకుని ఆ మూడు ముద్దలూ కరిగించి తీసేసి నేనే మళ్ళీ వేశాను. బియ్యపు గింజంత టంకాలు, నున్నగా, మెరుస్తూ. కాలిన అంచుకి రంగు అద్దాను. నాకు చేతిపనిలో పేరుంది, చంటిపిల్లల నరం కూడా ఒక్క పోటుకి పట్టేస్తానని ల్యాబ్‌లో అంటారు. మావయ్య మనసు కష్టపడకూడదని చేశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం, నా ఓడ పాడైపోతోందని చేశాను. చెప్పి చెయ్యాల్సింది. చెప్తే ఒక పూట మాట్లాడాలి, నచ్చజెప్పాలి. నాకు ఓపిక లేకపోయింది.

మిగతావన్నీ ఆయనే వేశారు. ఎంత ఆలస్యమైనా, ఎన్ని సార్లు జారినా ఆయనే. కడ్డీ ఆనించి, టంకం కరిగి రేకు మీద పరుచుకునేదాకా, "కూకో... కూకో..." అనుకుంటూ పట్టుకుని ఉండేవారు. నాకైతే ప్లాస్టిక్ కరిగిపోతుందేమోనని భయం, తొందరగా తీసేయమనేదాన్ని. "కూకోనియ్యమ్మా," అనేవారు.

పూర్తయిన రోజు ఆదివారం సాయంత్రం. అత్త దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చింది. మా ఆయన కూడా ఇంట్లోనే ఉన్నారు. మావయ్య స్విచ్చి నొక్కారు. టక్. నలభై రెండూ వెలిగాయి. ముందు తెల్లవి, పక్కల పసుపువి, ఇంజన్లలో నీలం, తోక చివర ఎర్రవి రెండు. అత్త చెంపలు నొక్కుకుంది. "నిజంగా ఎగిరిపోయేలాగున్నాదే!" మా ఆయన ఫోన్‌లో ఫొటోలు తీశారు.

"చూశారా మావయ్యా," అన్నాను, "నలభై రెండూ వెలిగాయి. ఇంక షెడ్డు మాటెత్తకండి."

ఆయన ఓడ ముక్కు దగ్గరికి వంగి చూస్తున్నారు. కింది మూత ఇంకా బిగించలేదు, లోపల కనపడుతోంది.

"ఈ మూడూ నీయి," అన్నారు.

నేను మూత అందుకోబోయాను.

"నా టంకం నాకు తెల్దేటమ్మా? నాయి ముప్పై తొమ్మిదే."

అందులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండును, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. క్షమించమని కూడా అనలేకపోయాను. మా ఆయనకి, అత్తకి ఏం జరిగిందో అర్థం కాలేదు. మావయ్య మూత బిగించి, ఓడ ఎత్తి తీసుకెళ్ళి వంటింటి గుమ్మం పక్క ఫ్రిజ్ మీద పెట్టారు. మాది పాత ఫ్రిజ్. మోటారు ఆన్ అయితే ఒళ్ళంతా దడదడలాడుతుంది.

"అక్కడొద్దు మావయ్యా, కదిలిపోతుంది," అన్నాను.

"ఊగాల," అన్నారు. అంతే.

ఆ వారమే షెడ్డు టైర్ల ఆయనకి ఇచ్చేశారు. నేను చాలా చెప్పాను. మూడే కదా అన్నాను, ముప్పై తొమ్మిది వేసిన చేతికేమైందన్నాను. "మూడు నువ్వెందుకు సేసినావు మరి?" అని అడిగారు ఒకే ఒక్కసారి. బోర్డు విప్పిన రోజు ఆయన ఇంటికి తెచ్చుకున్నది టెస్ట్ ల్యాంపు ఒక్కటే. దాన్ని గోడ మేకుకి తగిలించారు. ఇంకెప్పుడూ తియ్యలేదు.

ఆ తర్వాత ఏడాదిన్నర బతికారు. నాతో మామూలుగానే ఉన్నారు, అదే నాకు కష్టంగా ఉండేది. పొద్దున్నే నేను బస్సుకి పరిగెడుతుంటే టిఫిన్ డబ్బా అందించేవారు. వానొస్తే గొడుగు పట్టుకుని వీధి మలుపు దాకా ఎదురొచ్చేవారు. రోజూ సాయంత్రం అత్త దేవుడి దీపం వెలిగించగానే ఆయన వెళ్ళి ఫ్రిజ్ మీద ఓడ స్విచ్చి నొక్కేవారు. నేను చెప్పులు విప్పుతుండగా టక్‌మనేది. నేను ఆ వైపు సరిగా చూసేదాన్ని కాదు. ఆ ఓడ చూస్తే షెడ్డు గుర్తొచ్చేది. మళ్ళీ ఇంకో బొమ్మ పెట్టె కొనలేదు. ఆదివారాలు పడుకునేదాన్ని.

ఆయన పోవడానికి రెండు నెలల ముందనుకుంటాను, ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తుంటే పైన ఓడ ముక్కు అటు నుంచి ఇటు తిరిగి ఉన్నట్టనిపించింది. అత్త దుమ్ము దులిపి తిప్పి పెట్టి ఉంటుందనుకుని తలుపు వేసేశాను.

పెద్దకర్మ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక సాయంత్రం ఇల్లు మరీ చీకటిగా, చప్పుడు లేకుండా ఉంది. అత్త దేవుడి దగ్గర కూచుంది. నాకేమనిపించిందో, వెళ్ళి స్విచ్చి నొక్కాను. టక్‌మంది. వరసగా అన్నీ వెలిగాయి. బాగానే ఉన్నాయే అనుకున్నాను.

"ఆ ఎనకాలియి మూడూ ఎలగవులే," అంది అత్త.

"ఏ మూడు?"

"గోడ పక్కకున్నాయి సూడు. రెండు నెలలు దాటినాది ఆరిపోయి. అందుకే మీ మావ తిప్పి ఎట్టినాడు."

ఓడ వెనక్కి చెయ్యి పెట్టి తిప్పాను. ఎడమ పక్క, ముక్కు దగ్గర, మూడు కిటికీలు నల్లగా ఉన్నాయి.

"నాకెందుకు చెప్పలేదత్తా?"

"సెప్పొద్దన్నాడే. పిల్ల అలిసిపోయొస్తాది, మళ్ళీ దాన్ని ఇప్పుకుని కూకుంటాది, దాని మనసు పాడౌతాది అన్నాడు." అత్త దీపం వత్తి ఎగదోసింది. "ఆ మూడూ నీయే గావాల. ఆయన నోటితో అనలేదు గానీ."

అడుగు మూత విప్పాను. ఆయన చాకుతో గీకిన గీతలు ఇంకా అక్కడే ఉన్నాయి, నేను మళ్ళీ రంగు వెయ్యలేదు. లోపల రాగి రేకు మీద ముప్పై తొమ్మిది టంకాలు, ముద్దలు ముద్దలుగా, అందం చందం లేకుండా, చెక్కుచెదరకుండా ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటీ కదిపి చూశాను. ఒక్కటి కూడా కదల్లేదు. ముక్కు దగ్గర నావి మూడు, ఇంకా నున్నగా మెరుస్తూనే ఉన్నాయి, రేకు నుంచి ఊడొచ్చేసి. పైకి కూచున్నట్టు కనపడ్డాయి గానీ అవి అసలు కూచోనే లేదు. భయపడి తొందరగా కడ్డీ తీసేశాను కదా. ఫ్రిజ్ దడకి వదిలేశాయి.

పందెం ఆయనే గెలిచారు. ఊగినా వెలిగినవి ఆయనవి, ఆరిపోయినవి నావి. గెలిచినట్టు ఆయనకి రెండు నెలల ముందే తెలుసు. రోజూ సాయంత్రం స్విచ్చి నొక్కి, తన ముప్పై తొమ్మిదీ వెలగడం చూసుకుని, నావి మూడూ నాకు కనపడకుండా గోడవైపు పెట్టారు. "సూసినావా కోడలా" అని ఒక్క మాట అని ఉంటే నేను ఆయన కాళ్ళు పట్టుకునేదాన్ని. అయినా షెడ్డు ఎక్కడుంది అప్పటికి? అందులో టైర్లున్నాయి.

అప్పుడొచ్చింది ఏడుపు. ఫ్రిజ్ పక్క నేల మీద కూచుని, మూత చేత్తో పట్టుకుని, ఒంట్లో ఓపిక ఉందో లేదో చూసుకోకుండా ఏడ్చాను. అత్త వచ్చి పక్కన కూచుంది.

ఆ మూడూ మళ్ళీ అతికించుకోవచ్చు. టంకం ఉంది, కడ్డీ ఉంది, ఎలా కూచోనివ్వాలో కూడా ఇప్పుడు తెలుసు. మా ఆయన ఫోన్‌లో అడుగుతూనే ఉన్నారు, బాగుచేశావా అని. నేను చెయ్యలేదు. మూత బిగించి ఓడని మళ్ళీ ఫ్రిజ్ మీదే పెట్టాను. ఈసారి ఆ పక్క హాల్లోకి కనపడేలా తిప్పి పెట్టాను.

ఇప్పుడు సాయంత్రం స్విచ్చి అత్త నొక్కుతోంది. నేను బస్సు దిగి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఎదురుగా అదే కనపడుతుంది. ఫ్రిజ్ మోటారు అందుకుంటుంది, ఓడ ఊగుతుంది, ముక్కు దగ్గర మూడు కిటికీలు చీకటి, మిగతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి.